మీరడిగారు: తమ సైనికులను తామే బోనెక్కిస్తే బయటి దేశాలు నమ్ముతాయా?

ప్రశ్న: ఇరాక్‌లోని అబూ ఘ్రైబ్ జైలులో ఖైదీలను హింసించిన సైనికులను అమెరికాయే బహిరంగంగా విచారించి శిక్షించింది కదా! అయినా అరబ్బు దేశాల్లో కోపం ఎందుకు చల్లారలేదు?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: సంగతులు ఏ వరుసలో బయటికొచ్చాయో ముందు చూడాలి. 2004 జనవరిలో జో డార్బీ అనే సైనికుడు ఖైదీలను హింసిస్తున్న ఫొటోలున్న సీడీని సైన్యంలోని నేర పరిశోధకులకు ఇచ్చాడు. దర్యాప్తు జరుగుతోందని సైన్యం ఆ నెలలోనే నాలుగు ముక్కల్లో ప్రకటించింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏప్రిల్ 28న సీబీఎస్ చానల్ ఫొటోలు చూపించాకే ప్రపంచం ఉలిక్కిపడింది. దాంతో, దొరికిపోయారు కాబట్టే విచారిస్తున్నారన్న అభిప్రాయం పడిపోయింది. అమెరికా పాలనా యంత్రాంగం మే నెలలో ఇరాక్‌లో చేయించిన సర్వేలోనే 54 శాతం మంది అమెరికన్లంతా ఆ కాపలావాళ్ల లాంటివాళ్లేనన్నారు.

మొదటి కోర్టు మార్షల్ (సైనికులను విచారించే సైనిక కోర్టు) మే 19న బాగ్దాద్‌లోనే పెట్టారు. అరబ్బు విలేకరులను కూర్చోనిచ్చారు, కెమెరాలను మాత్రం రానివ్వలేదు. అక్కడే పొరపాటు జరిగిందని మా అభిప్రాయం. హింస ఫొటోలు ఇంటింటికీ వెళ్లాయి. ఆ రోజు విచారణకు వచ్చిన సైనికుడు జెరెమీ సివిట్స్ నేరం ఒప్పుకుని ఏడుస్తూ క్షమాపణ చెప్పడం మాత్రం ఎవరి కంటా పడలేదు. తర్వాత ముఖ్యమైన విచారణలు టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌కు మారాయి. ప్రధాన నిందితుడు చార్ల్స్ గ్రేనర్‌కు 2005 జనవరిలో పదేళ్ల శిక్ష పడింది అక్కడే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది హోదాల తేడా. శిక్ష పడిన 11 మందీ కింది స్థాయి సైనికులే. కోర్టు మార్షల్ దాకా వెళ్లిన అధికారి లెఫ్టినెంట్ కల్నల్ స్టీవెన్ జోర్డన్ ఒక్కరే. 2007లో ఖైదీల హింసకు సంబంధించిన అభియోగాలు ఆయన మీద నిలవలేదు. దర్యాప్తు గురించి మాట్లాడవద్దన్న ఆదేశాన్ని మీరారన్నది నిలిచింది, మరుసటి ఏడాది అదీ కొట్టేశారు. మరో అధికారి కల్నల్ థామస్ పప్పస్‌కు మందలింపు, 8,000 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. 2003 నవంబరులో మనదేల్ అల్ జమాదీ అనే ఖైదీ ఆ జైలులో ప్రశ్నిస్తుండగా చనిపోయాడు. ఆ చావుకు ఇంతవరకు ఏ ఒక్కరికీ శిక్ష పడలేదు. పరాయి దేశస్థుడు కోర్టు ఎంత బాగా నడిచిందో చూడడు, పైవాడిని ముట్టుకున్నారా లేదా అని చూస్తాడు. అతను అడిగేది న్యాయమైన ప్రశ్నే.

ప్రశ్న: అంత ఘోరానికి సివిట్స్‌కు ఒక్క ఏడాదేనా?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: అమెరికా కోర్టు మార్షల్‌లో సమ్మరీ, స్పెషల్, జనరల్ అని మూడు అంచెలుంటాయి. స్పెషల్ కోర్టు వేయగలిగిన గరిష్ఠ జైలుశిక్షే ఏడాది. మిగతావారిపై సాక్ష్యం చెప్పడానికి సివిట్స్ ఒప్పుకున్నాడు కాబట్టి అతని కేసును స్పెషల్ కోర్టుకు పంపారు. లోపలివాడి సాక్ష్యం లేకుండా ఇలాంటి కేసులు నిలబెట్టడం కష్టం. ఈ సంగతి అదే రోజు అరబ్బీలో జనానికి అర్థమయ్యేలా చెప్పి ఉండాల్సింది. చాలామంది ఇరాకీలకు చేరింది ‘ఒక్క ఏడాది’ అన్న మాటే.

నిందితుల్లో ఒకరైన సైనికురాలు లిండీ ఇంగ్లండ్ కేసు ఇంకో ఉదాహరణ. 2005 మేలో ఆమె నేరం ఒప్పుకుంది. కానీ ఆ ఫొటోల్లో ఒకటి కాపలావాళ్ల శిక్షణ కోసం తీసిందని గ్రేనర్ సాక్ష్యం చెప్పడంతో, తప్పు చేశానన్న ఆమె మాటకూ దానికీ పొంతన కుదరక జడ్జి జేమ్స్ పోల్ ఆమె ఒప్పుకోలును పక్కన పెట్టారు. నిందితురాలి హక్కుల దృష్ట్యా అది సరైన పనే. దూరం నుంచి చూసేవారికి మాత్రం కేసు ఎత్తేసినట్టు కనబడింది. సెప్టెంబరులో మళ్లీ విచారించి మూడేళ్లు వేశారు.

ప్రశ్న: బ్రిటన్ ఇంతకంటే మెరుగ్గా చేసిందా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: కోర్టు మార్షల్ విషయంలో లేదు. బస్రాలో హోటల్ రిసెప్షనిస్టుగా పనిచేసిన బహా మూసా 2003 సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం నిర్బంధంలో చనిపోయాడు. ఒంటి మీద 93 గాయాలున్నాయి. ఏడుగురిని విచారిస్తే, ముందే నేరం ఒప్పుకున్న కార్పొరల్ ఒక్కడికే, అదీ ఏడాది శిక్ష పడింది. ఆ తర్వాత జరిగింది మాత్రం గమనించదగ్గది. 2008లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుని బాధితులకు 28.3 లక్షల పౌండ్ల పరిహారమిచ్చింది. విలియమ్ గేజ్ నడిపిన బహిరంగ విచారణ నివేదిక 2011లో వచ్చింది. తలకు ముసుగు తొడగడం లాంటి పద్ధతులను 1972లోనే నిషేధించినా అవి మళ్లీ ఎలా వాడుకలోకి వచ్చాయో అది బయటపెట్టింది. కోర్టు మార్షల్ బాధితుడికి పైసా ఇప్పించదు, అందులో అతను కేవలం సాక్షి. అబూ ఘ్రైబ్ ఖైదీల్లో ముగ్గురికి 4.2 కోట్ల డాలర్లు ఇవ్వాలని ఒక కాంట్రాక్టు కంపెనీ మీద అమెరికా సివిల్ కోర్టు జ్యూరీ తీర్పు చెప్పేసరికి 2024 నవంబరు వచ్చింది.

ప్రశ్న: ఇరాక్ కోర్టులే ఆ సైనికులను విచారించి ఉండవచ్చు కదా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: కుదరలేదు. అమెరికా ఆక్రమణ యంత్రాంగం జారీచేసిన 17వ నంబరు ఉత్తర్వు విదేశీ సైనికులకు ఇరాక్ చట్టాల నుంచి రక్షణ కల్పించింది. తమ ఊళ్లో జరిగిన నేరాన్ని తమ జడ్జి ముట్టుకోలేడన్న కోపం ఇరాకీల్లో చాలాకాలం రగిలింది. 2011లో కొంత సైన్యాన్ని ఉంచడానికి అమెరికా మళ్లీ అదే రక్షణ అడిగితే ఇరాక్ నాయకులు ఒప్పుకోలేదు. చర్చలు తెగిపోయాయి. ఆ డిసెంబరుకల్లా అమెరికా సేనలు దేశం విడిచాయి.