నిలబడితే తూలుతున్నాను, ఇది మెదడు జబ్బా?

ప్రశ్న: నా వయసు 71 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. 12 ఏళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా నిలబడితే తూలినట్లవుతోంది. గోవిందరాజస్వామి గుడిలో కళ్లు మూసుకుని దండం పెట్టుకునేటప్పుడు పక్కనున్న స్తంభం పట్టుకోవలసి వస్తోంది. నడుస్తుండగా ఎవరైనా పలకరిస్తే ఆగితే తప్ప బదులు చెప్పలేకపోతున్నాను. చెవిలో లోపం లేదన్నారు. స్కాన్ రిపోర్టులో వయసుకు తగ్గట్లు మెదడు కొద్దిగా కుంచించుకుపోయిందని రాశారు. తల తిరుగుడు తగ్గడానికి ఇచ్చిన మాత్ర కొన్ని నెలలుగా వేసుకుంటున్నాను. ఇది మెదడు జబ్బా? అలిపిరి మెట్ల దారిలో కొండకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

డాక్టర్ సలహా: స్కాన్ రిపోర్టులోని ఆ వాక్యం డెబ్బై దాటిన చాలామంది రిపోర్టుల్లో కనిపించేదే, దాన్ని మాత్రమే చూసి జబ్బు అనలేము. రోగనిర్ధారణకు అంతకంటే ఎక్కువ పనికొచ్చేవి మీరు రాసిన మిగతా రెండు విషయాలు. కళ్లు మూసుకుంటే తూలడం ఒకటి, మాట వినబడగానే నడక ఆగిపోవడం రెండోది. వీటి మూలాలు వేరు కాబట్టి విడివిడిగా చెబుతాను.

మనం కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా శరీరం సన్నగా ఊగుతూనే ఉంటుంది. శరీర భారం చీలమండలకు కాస్త ముందు పడుతుంది కనుక, ముందుకు వాలిపోకుండా పిక్క కండరాలు ఎడతెగకుండా పనిచేస్తుంటాయి. ఏ క్షణాన ఎంత బిగించాలన్నది మెదడు కళ్ల నుంచి, లోపలి చెవి నుంచి, అరికాళ్లు, కీళ్ల నుంచి వచ్చే సమాచారాన్ని కలిపి చూసుకుని తేలుస్తుంది. ఈ మూడింటిలో ఒకటి అందకపోతే వెంటనే మిగతా రెండింటి మీద ఆధారపడే నేర్పు ఆరోగ్యంగా ఉన్న మెదడుకు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ మార్పిడి నెమ్మదిస్తుంది. మీ విషయంలో 12 ఏళ్ల షుగరు వల్ల అరికాళ్ల స్పర్శ తగ్గి, ఇంతకాలం ఆ లోటును కళ్లు భర్తీ చేస్తూ వచ్చి ఉండవచ్చు. దండం పెట్టుకుంటూ కళ్లు మూయగానే భారమంతా లోపలి చెవి మీద పడుతుంది. పరీక్షల్లో లోపం కనబడకపోయినా, అక్కడి సున్నితమైన కణాలు కూడా వయసుతో కొంత తగ్గే ఉంటాయి. స్నానం చేస్తూ ముఖానికి సబ్బు రాసుకున్నప్పుడు కూడా ఇలాగే అవుతుంటే ఈ అనుమానం బలపడుతుంది.

అందుచేత ముందుగా పరీక్ష చేయించుకోవలసింది పాదాలకు. ట్యూనింగ్ ఫోర్కు అనే, తట్టితే అదిరే రెండు కొమ్ముల లోహపు పరికరాన్ని కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి అదురు తెలుస్తోందో లేదో చూస్తారు. దీనికి నిమిషం కూడా పట్టదు, కానీ రద్దీగా ఉండే ఓపీల్లో చాలాసార్లు ఈ పరీక్షే వదిలేస్తుంటారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో, ముఖ్యంగా శాకాహారుల్లో, విటమిన్ బీ12 తగ్గి నరాలు దెబ్బతినవచ్చు కనుక ఆ రక్తపరీక్ష కూడా చేయించండి.

ఇక పలకరిస్తే ఆగిపోవడం సంగతి. యవ్వనంలో నిలబడటం, నడవటం దాదాపుగా మన ధ్యాసతో పని లేకుండానే జరిగిపోతాయి; వెన్నుపాము, మెదడు కాండం, చిన్నమెదడు ఆ పని చూసుకుంటాయి. వయసుతో, ముఖ్యంగా ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో, మెదడు భాగాలను కలిపే తెల్లని నరాల తంతువులు దెబ్బతిని సంకేతాలు ఆలస్యమవుతాయి. అప్పుడు ఆలోచనకు, ధ్యాసకు ఆధారమైన నుదుటి వైపు మెదడు కూడా నిలకడ కాపాడే పనిలోకి దిగవలసి వస్తుంది. కొత్తగా సైకిలు నేర్చుకునేవాడు పక్కవాడితో కబుర్లు చెప్పలేనట్లే, ఉన్న ధ్యాస కాళ్లకే సరిపోయి మాటకు మిగలదు. మాట్లాడవలసి వస్తే నడక ఆపేసే వృద్ధులు తర్వాతి నెలల్లో పడిపోయే అవకాశం ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లోనే గుర్తించారు. కనుక దీన్ని జబ్బుగా కాక హెచ్చరికగా తీసుకోండి. పడిపోతామన్న భయంతో కాళ్లు బిగబట్టి నిలబడటం కూడా మంచిది కాదు, ఎందుకంటే బిగుసుకున్న కాలు అవసరమైన క్షణంలో చప్పున అడుగు వేయలేదు.

మీరు నెలల తరబడి వేసుకుంటున్న మాత్ర విషయంలో నాకు అభ్యంతరం ఉంది. దాని పేరు రాయలేదు; అది సిన్నరిజిన్ గానీ ప్రోక్లోర్‌పెరజిన్ గానీ అయితే, అవి కొద్ది రోజుల అవసరానికి ఇచ్చే మందులు. ఎక్కువకాలం వాడితే వృద్ధుల్లో మగత, ఒళ్లు బిగుసుకోవడం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)లో లాగా కదలికలు నెమ్మదించడమే కాక, మెదడు తనంతట తాను సర్దుకునే ప్రక్రియకు కూడా అడ్డు తగులుతాయి. చీటీ తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి, ఆపవచ్చేమో అడగండి. నిద్రమాత్రలు, ప్రోస్టేట్, బీపీ మందులు వాడుతుంటే అవీ చూపించండి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన 3 నిమిషాల లోపు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే తూలడానికి అదీ ఒక కారణమే.

తూలు తగ్గించే మందు అంటూ విడిగా లేదు, సాధనే చేయాలి. ఉదయపు నడక గుండెకు మంచిదే గానీ, నిలకడ పెరగడానికి అదొక్కటే చాలదు. వంటగట్టు పట్టుకుని, పక్కన ఇంట్లోవారు ఉండగా, పాదాలు దగ్గరగా చేర్చి నిలబడటం, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి నిలబడటం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయండి. ఇవి అలవాటయ్యాక, వాటితోపాటే పన్నెండో ఎక్కం వెనక నుంచి చెప్పండి. ఉపాధ్యాయులకు కష్టం కాదు. ధ్యాస రెండు పనుల మీద ఉన్నా కాళ్లు నిలదొక్కుకునేలా మెదడుకు శిక్షణ ఇవ్వడమే ఇందులో ఉద్దేశం. మొదటి కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేయడం మేలు. ఇటువంటి వ్యాయామాల వల్ల వృద్ధులు పడిపోయే సందర్భాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. రాత్రి బాత్‌రూమ్ దారిలో దీపం, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి.

అలిపిరి మెట్లు దాదాపు 3,550 ఉన్నాయి. గుండె, బీపీ పరీక్షలు బాగుండి, పాదాల సంగతి తేలాక, తోడుతో, పక్క కమ్మీ పట్టుకుని ఎక్కవచ్చు. దిగడం మాత్రం బస్సులోనే. దిగేటప్పుడు కాలు ఎక్కడ పడుతోందో అరికాలు చెప్పాలి. పైగా బైఫోకల్ అద్దాల కింది భాగంలోంచి చూస్తే మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది.

వెనక్కి పడిపోతున్నా, అడుగు నేలకు అతుక్కున్నట్లవుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా, మతిమరుపు పెరుగుతున్నా తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి న్యూరాలజీ (నరాల జబ్బుల) విభాగంలో గానీ, మీకు దగ్గరలోని న్యూరాలజిస్టుకు గానీ చూపించుకోండి. తూలు ఒక్కసారిగా మొదలై, దానితోపాటు మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనబడటం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం వంటివి ఉంటే అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి కనుక, తెల్లవారాక చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.