టెక్ సందేహాలు: ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడినా ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోతోంది?

సందేహం: లినక్స్‌లో సీ ప్రోగ్రామ్ రాస్తున్నాను. పాఠాన్ని బఫర్‌లో (మెమరీలో తీసిపెట్టిన చోటులో) రాసే ఎస్‌ప్రింట్‌ఎఫ్ ప్రమాదకరమని విని, అన్నిచోట్లా పరిమాణం హద్దు తీసుకునే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ పెట్టాను. ఒకే బఫర్‌లో తేదీ, పేరు, సందేశం ఒకదాని వెంట ఒకటి చేరుస్తాను. పేరు పొడవైతే ప్రోగ్రామ్ ఆగిపోతోంది. కారణమేమిటి?

జవాబు: మీరు చేసిన మార్పు సరైనదే. ఎస్‌ప్రింట్‌ఎఫ్‌కు బఫర్ ఎంత పెద్దదో తెలియదు, హద్దు దాటి రాసుకుంటూ పోతుంది. చిక్కు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చే సంఖ్య దగ్గరుంది. అది నిజంగా రాసిన అక్షరాల లెక్క కాదు. చోటు సరిపోయి ఉంటే ఎన్ని రాసేదో ఆ లెక్క. 1999 నాటి సీ ప్రమాణం దీన్నే ఖాయం చేసింది.

మీ బఫర్ 16 బైట్లనుకోండి. 20 అక్షరాల పాఠం ఇస్తే 15 అక్షరాలు, చివర ఒక సున్నా బైటు రాసి, 20 అని జవాబిస్తుంది. మీరు ఆ 20ని అలాగే స్థానానికి కలుపుతున్నారు. తర్వాతి ముక్కకు మిగిలిన చోటు 16లోంచి 20 తీసేస్తే వచ్చేది. పరిమాణాలకు వాడే సైజ్-టీ రకానికి రుణ సంఖ్యలు లేవు కాబట్టి, 64 బిట్ల యంత్రంలో అది 18,446,744,073,709,551,612 అవుతుంది! రాయడం మొదలయ్యే చోటు కూడా అప్పటికే బఫర్ దాటిపోయింది. ఇక రక్షణ ఎక్కడిది?

ప్రతి పిలుపు తర్వాతా జవాబు చూడండి. రుణ సంఖ్య వస్తే లోపం. మిగిలిన చోటుకు సమానంగా గానీ ఎక్కువగా గానీ వస్తే పాఠం తెగిందన్నమాట, అక్కడే ఆగండి. లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో) వరుస తెగితే సర్దుకోవచ్చు. ఫైలు చిరునామా తెగితే మాత్రం వేరే ఫైలు మీద రాసే ప్రమాదముంది, దాన్ని లోపంగానే చూడాలి.

తెగకూడదనుకుంటే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కు బఫర్ బదులు నల్ (ఖాళీ పాయింటర్), పరిమాణం 0 ఇచ్చి ముందు పొడవు తెలుసుకోండి. చివరి సున్నా బైటు కోసం దానికి ఒకటి కలిపి, మెమరీ కేటాయించే మాలక్‌తో చోటు తీసుకోండి. ఏఎస్‌ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ ఈ పనంతా తనే చేస్తుంది. గ్నూ, బీఎస్‌డీ వ్యవస్థల్లో ఎప్పటినుంచో ఉంది, 2024లో యూనిక్స్ తరహా వ్యవస్థల పోసిక్స్ ప్రమాణంలోకీ వచ్చింది. పని అయ్యాక ఆ చోటును ఫ్రీ చేయడం (తిరిగి వదిలేయడం) మరవకండి. పరీక్షించేటప్పుడు మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేస్తే హద్దు దాటిన కోడ్ వరుసను చూపిస్తుంది.

సందేహం: వాడుకరి ఇచ్చిన పేరును నేరుగా ప్రింట్‌ఎఫ్‌కు ఇవ్వవచ్చా?

జవాబు: ఎన్నడూ వద్దు. ప్రింట్‌ఎఫ్ మొదటి ఆర్గ్యుమెంట్‌లోని % గుర్తులను ఆదేశాలుగా చదువుతుంది. ఆ పేరులో %ఎక్స్ ఉంటే మెమరీలోని విలువలు బయటపడతాయి, %ఎన్ ఉంటే మెమరీలోకి రాయడమే జరుగుతుంది. మొదట %ఎస్ అనే ఫార్మాట్ ఇచ్చి, పేరును రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. వ్యవస్థ లాగ్‌లో రాసే సిస్‌లాగ్‌కూ ఇదే నియమం. చాలామంది దాన్ని మరిచిపోతారు.