ఎం2 మ్యాక్‌బుక్‌లో విండోస్ పెట్టి ట్యాలీ నడపొచ్చా? మిర్యాలగూడ మిల్లులో నా అనుభవం

మీరు అడిగింది ఇదే కదా: బావమరిది అమెరికా నుంచి ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చిచ్చాడు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ. మిల్లు లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి. మ్యాక్‌లోనే విండోస్ నడిపి, పాత పీసీని అమ్మేయొచ్చా అని.

అన్నా, పీసీని మాత్రం ఇప్పుడే అమ్మకండి. విండోస్ నడుస్తుంది, ట్యాలీ కూడా నడుస్తుంది. ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. నేను నల్లగొండ నుంచి రోజూ మిర్యాలగూడ పోయి ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. ఎం1 ఎయిర్ కొన్నప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను.

పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్‌క్యాంప్ ఉండేది, ఆన్ చేసేటప్పుడే మ్యాక్ కావాలా విండోస్ కావాలా ఎంచుకునేవాళ్లం. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 నుంచి మ్యాక్‌లలో ఇంటెల్ బదులు ఆపిల్ సొంత ఆర్మ్ రకం చిప్‌లు ఉంటున్నాయి, వాటిలో ఆ సౌకర్యం లేదు. ఇప్పుడున్న దారి వర్చువల్ మెషీన్, అంటే మ్యాక్ నడుస్తుండగానే దానిలో ఇంకో కంప్యూటర్‌లా విండోస్ నడపడం. అందులో వేసేది మామూలు విండోస్ కాదు, ఆర్మ్ చిప్‌ల కోసం చేసిన విండోస్ 11. ట్యాలీలాంటి ఇంటెల్ ప్రోగ్రాంలను అది అప్పటికప్పుడు తర్జుమా చేసుకుంటూ నడుపుతుంది. లెక్కల పనిలో ఆ తేడా నాకు తెలియనే లేదు.

అయితే డ్రైవర్లకు, అంటే పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాంలకు, ఆ తర్జుమా లేదు. ఏ పరికరానికైనా ఆర్మ్ విండోస్ కోసమే చేసిన డ్రైవర్ ఉండాలి. లేకపోతే ఆ పరికరం పని చేయదు, అంతే.

ఇది నాకు తెలిసొచ్చింది కాంటా (లారీలు తూచే వేబ్రిడ్జి) దగ్గర. లారీ ఎక్కగానే వేబ్రిడ్జి బరువు సీరియల్ తీగ మీదుగా పీసీలోకి వస్తుంది కదా, దానికి యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి మ్యాక్‌కు పెట్టాను. దీన్ని మ్యాక్‌కు ఇవ్వాలా విండోస్‌కు ఇవ్వాలా అని వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ అడిగింది, విండోస్‌కే ఇచ్చాను. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడింది. దాంతో వచ్చిన సీడీలో డ్రైవర్ మామూలు విండోస్‌ది. ఇన్‌స్టాల్ అయిపోయింది అని చూపిస్తుంది, బరువు మాత్రం రాదు. బయట వడ్ల లారీలు ఆగి ఉన్నాయి, హమాలీలు నా ముఖం చూస్తున్నారు. ఆ టెన్షన్ మీకు వద్దు. కొన్ని చిప్‌ల కన్వర్టర్లకు ఆర్మ్ డ్రైవర్ ఉంది, కొనేముందు అదే అడగండి.

డీఎస్‌సీ టోకెన్‌ది కూడా ఇదే కథ (టీచర్ల పరీక్ష కాదు, డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్). మా టోకెన్ విండోస్ వైపు కనిపించలేదు. దాని కంపెనీ మ్యాక్ డ్రైవర్ కూడా ఇచ్చింది కాబట్టి దాన్ని మ్యాక్ వైపే వేసుకున్నాను. మీది ప్రొప్రైటర్‌షిప్ అయితే జీఎస్టీ రిటర్న్‌కు ఈవీసీ, అంటే ఓటీపీతో చేసే ధృవీకరణ, సరిపోతుంది, ఈ గొడవే లేదు. కంపెనీ గానీ ఎల్‌ఎల్‌పీ గానీ అయితే డీఎస్‌సీ తప్పదు, అందుకే ముందుగా చూసుకోండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో నేను కుస్తీ పట్టడం మానేశాను. బిల్లును పీడీఎఫ్ చేసి మ్యాక్ నుంచి లేజర్ ప్రింటర్‌కు పంపుతాను.

ఇంకొకటి, చిన్నదే గానీ మొదటి వారం నవ్వులపాలైంది. ట్యాలీలో సేల్స్‌కు ఎఫ్8 నొక్కాలి కదా, నొక్కగానే ఆఫీసులో పాట మొదలైంది. మ్యాక్‌లో ఆ మీట పాటలకు. పేమెంట్ కోసం ఎఫ్5 నొక్కితే మీరు మాట్లాడేది రాసుకోవడానికి సిద్ధమవుతుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌లోకి వెళ్లి, ఎఫ్ మీటలు మామూలు ఫంక్షన్ మీటల్లాగే పని చేయాలని పెట్టుకోండి. పక్కన అంకెల మీటలు లేవు, ఒక యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొనుక్కోండి. మనలాంటి వాళ్లకు అది లేకపోతే చెయ్యి విరిగినట్టే.

వర్చువల్ మెషీన్‌కు ఏ సాఫ్ట్‌వేర్ అంటే, నేను మొదట ఉచితమని యూటీఎం వేశాను. ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ కనెక్ట్ చేయమని ఆగిపోయింది, గెస్ట్ టూల్స్ (లోపలి విండోస్‌కు వేసే యూటీఎం డ్రైవర్లు) వేస్తేగానీ నెట్ రాలేదు. తెర కూడా కొంచెం బరువుగా కదిలింది. తర్వాత ప్యారలల్స్‌కు మారాను. ఏటా డబ్బు కట్టాలి, కానీ విండోస్‌ను అదే దించి వేసేస్తుంది, మ్యాక్‌కు ఉన్న ప్రింటర్ విండోస్‌లోనూ కనిపిస్తుంది. ఎం1, ఎం2 మ్యాక్‌లలో ఆర్మ్ విండోస్ 11 నడపడానికి 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకున్నది కూడా ప్యారలల్స్‌నే. వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నవంబర్ నుంచి వ్యాపారానికి కూడా ఉచితం. ఇప్పుడైతే మీరు దానితోనే మొదలుపెట్టి చూడండి, డబ్బు ఖర్చు లేదు. వీటిలో ఏది వేసినా విండోస్ లైసెన్స్ వేరే కొనాలి.

8 జీబీ ర్యామ్ ఇరుకే. విండోస్‌కు 4 ఇస్తే మ్యాక్‌కు 4 మిగులుతుంది. ట్యాలీ ఒక్కటే తెరిస్తే పర్వాలేదు, క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు కూడా పెడితే రెండూ మూలుగుతాయి. ఈ మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం. స్టోరేజీలో విండోస్‌కు 64 జీబీ పక్కన పెట్టుకోండి.

ట్యాలీ డేటా ఫోల్డర్‌ను మ్యాక్ వైపు ఉంచి పంచుకోవద్దు, విండోస్ సీ డ్రైవ్‌లోనే ఉంచండి. బ్యాకప్ మాత్రం రోజూ బయటికి తీయండి. వర్చువల్ మెషీన్ మొత్తం ఒక పెద్ద ఫైలులా ఉంటుంది, అది పాడైతే అందులో ఉన్న లెక్కలన్నీ పోతాయి.

ఇక నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. యూటీఎం నుంచి మారేటప్పుడు ట్యాలీ లైసెన్స్‌ను సరెండర్ చేయకుండానే, అంటే ఆ మెషీన్ నుంచి విడిపించకుండానే, పాత మెషీన్‌ను డిలీట్ చేశాను. లైసెన్స్ ఆ మెషీన్‌కే కట్టుబడి ఉంటుంది కదా, కొత్తదాంట్లో యాక్టివేట్ కాలేదు. రీసెట్ చేయించుకునేసరికి సగం రోజు పోయింది. మీరు పీసీలోని లైసెన్స్‌ను అస్సలు కదపకండి. ముందు లైసెన్స్ లేకుండా నడిచే ఎడ్యుకేషన్ మోడ్‌లో ట్యాలీని నడిపి చూడండి. అందులో నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలే పడతాయి, పరీక్షకు అవి చాలు.

నేను చివరికి కుదుర్చుకున్నది ఇదీ. కాంటా పీసీ మిల్లులోనే ఉంది, బరువులన్నీ దాంట్లోకే వస్తాయి. దాన్ని చూడాల్సి వస్తే నా కుర్చీలోంచే మ్యాక్‌లో ‘విండోస్ యాప్’ (దూరంలోని పీసీ తెరను చూపించే మైక్రోసాఫ్ట్ యాప్) తెరిచి ఆ పీసీలోకి పోతాను. దీనికి ఆ పీసీలో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ పనికిరాదు. ఆఫీసు వైఫై దాటి బయటినుంచి మాత్రం దానికి నేరుగా దారి తెరవకండి. మీ పీసీలో ఇంకా విండోస్ 10 ఉంటే దానికి 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్ట్ అయిపోయింది, 11కు మారుతుందేమో చూడండి.

యాసంగి వడ్లు దిగకముందే ఒక ఆదివారం కూర్చుని, పీసీ వెనక తగిలించి ఉన్న తీగలు ఒక్కొక్కటే తీసి మ్యాక్‌కు పెట్టి చూడండి. కన్వర్టర్ మీద చిప్ పేరు కనిపిస్తే రాయండి, దానికి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో నేను చూసి చెప్తాను.