అమెరికాలో కంటి ఓసీటీ స్కాన్ క్లెయిములు ఎందుకు వెనక్కి వస్తాయి?

హైదరాబాద్ నుంచి అమెరికా కంటి క్లినిక్‌కు బిల్లింగ్ చేస్తున్నానని, బీమా సంస్థ నుంచి ముందస్తు అనుమతి తీసుకోనందుకే ఓసీటీ (కంటి లోపలి పొరలను చూపే స్కాన్) క్లెయిములు తిరస్కరిస్తున్నారా అని ఒకరు అడిగారు.

చాలాసార్లు కారణం అది కాదు. ఒరిజినల్ మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వమే నేరుగా నడిపే ఆరోగ్య బీమా) ఓసీటీకి ముందస్తు అనుమతి అడగదు. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీల ద్వారా అందే మెడికేర్), ఇతర ప్రైవేటు ప్లాన్లు మాత్రం ఒక్కోటి ఒక్కో తీరు కాబట్టి అపాయింట్‌మెంట్‌కు ముందే కనుక్కోండి.

అసలు చిక్కంతా ఛార్టులోనే, అంటే పేషెంటు రికార్డులోనే. డాక్టరు ఆ స్కాన్ ఎందుకు రాశారు, ఏం కనిపించింది, దాన్నిబట్టి చికిత్స ఎలా సాగుతుంది అనేవి అందులో ఉండాలి. ‘ఓసీటీ తీశాం, బాగుంది’ అన్న ఒక్క ముక్క చాలదు. ‘కుడి కంట్లో మాక్యులా (రెటీనా మధ్యభాగం) వాపు పోయినసారి కంటే తగ్గింది, ఇంజెక్షన్ల మధ్య వ్యవధి పెంచుతున్నాం’ అని ఉంటే టెన్షన్ లేకుండా పంపవచ్చు. ఇలా రాయమని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి.

బిల్లులో రెటీనా (కంటి వెనుక పొర) ఓసీటీకి కోడ్ 92134, కంటి నరం ఓసీటీకి 92133. ఈ రెండూ ఒకే రోజు బిల్ చేయకూడదు. రెండు కళ్లకు తీసినా ఒక్క యూనిట్టే. అదే రోజు ఫండస్ ఫోటో (కంటి వెనుక భాగం ఫోటో) కోడ్ 92250 కూడా కలిపితే సాధారణంగా ఒకదానికే డబ్బు వస్తుంది. వ్యాధి కోడ్ చివరి అంకె దాకా ఇవ్వాలి: టైప్ 2 షుగర్‌తో రెండు కళ్లలో తొలిదశ రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం), మాక్యులా వాపు ఉంటే E11.3213.

మెడికేర్ డబ్బు ఇవ్వదని అనుమానం వస్తే స్కాన్‌కు ముందే ఏబీఎన్ ఫారం (మెడికేర్ ఇవ్వకపోవచ్చని పేషెంటుకు ముందే చెప్పే నోటీసు) మీద పేషెంటు సంతకం తీసుకోవాలి. అది లేకపోతే ఆ ఖర్చు మామూలుగా క్లినిక్కే భరించాలి.