ఆ మంచం దగ్గరికే ముందు వెళ్లమనండి

ప్రశ్న: మా తమ్ముడు విజయనగరంలో సర్జన్. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేసిన పేషెంటుకి పైత్యరసం లీకైంది. వారంగా వీడికి నిద్ర లేదు, ఇంకో కేసు ముట్టనంటున్నాడు. ఏం చెప్పను?

జవాబు: ఇది పిరికితనం కాదమ్మా. ఇలాంటి డాక్టర్ని 2000లో అమెరికా డాక్టర్ ఆల్బర్ట్ వూ ‘రెండో బాధితుడు’ అన్నారు. మొదటి బాధితుడు పేషెంటే. రౌండ్స్‌లో ఆ మంచం తప్పించుకుంటే భయం పెరుగుతుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏం జరిగిందో, ఇప్పుడేం చేస్తున్నారో తనే చెప్పాలి. తర్వాత సీనియర్‌తో ఆపరేషనంతా మొదట్నుంచీ చెప్పుకోవాలి. మూసేందుకు క్లిప్పు వేసేముందు గాల్‌బ్లాడర్ పైత్యరస నాళం, దానికి రక్తం తెచ్చే ధమని విడివిడిగా కనిపించాయా? వాపులో పొరబడ్డాడా, క్లిప్పు జారిందా? కారణం దొరికితే ‘నేను పనికిరాను’ అన్న మాట తగ్గుతుంది. కేస్‌షీటు మాత్రం దిద్దకూడదు. తర్వాతి రెండు మూడు కేసులు సీనియర్ పక్కనుండగా చేయాలి. ఇంకో వారానికీ నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు.