ఉద్యోగం మానేసి వయొలిన్‌తో బతుకుతానన్న మేనకోడలికి

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వీడియోలూ చూశాను తల్లీ. ఒకసారి మామూలుగా, ఇంకోసారి కళ్లు మూసుకుని. వాయించిన ముక్కని రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించే లూప్ పెడల్ పెట్టుకుని, ఈ కాలం పాటల్ని వయొలిన్ మీద ఒక్కదానివే కట్టి, దాంతోనే బతుకుతానంటున్నావు. మీ నాన్న ఫోన్ చేసి "నువ్వైనా గట్టిగా చెప్పక్కా" అన్నాడు. నేను వద్దని చెప్పను. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నదీ అదే. అందుకే నీ వాయింపులో నాకు వినబడ్డవీ, నాకు ఎవరూ చెప్పక దెబ్బ తిని తెలుసుకున్నవీ రాస్తున్నాను.

ముందు ఆ రెండో వీడియో సంగతి. ఆరు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి ఆరు ముక్కలు వేశావు, ఒక్కోటీ ఎనిమిది బార్లు. ఆ పాట టెంపో 96, అంటే నిమిషానికి 96 బీట్లు. లెక్కేసి చూశాను. ఎనిమిది బార్లంటే, బారుకి నాలుగు చొప్పున 32 బీట్లు, సరిగ్గా 20 సెకన్లు. ఆరు లేయర్లకి రెండు నిమిషాలు. అసలు ట్యూన్ అప్పుడు మొదలైంది. నీకు ఆ రెండు నిమిషాలూ క్షణాల్లా గడిచి ఉంటాయి, ఎందుకంటే నీ చేతులకి పని ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకి మాత్రం అది ఏ పాటో కూడా తెలీదు. వీడియో అయితే ఈలోపు వేలితో పైకి తోసేస్తారు. హాల్లో అయితే పక్కవాళ్లతో మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఒకసారి పోయిన చెవిని మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

అదే పాటని నాలుగు బార్ల లూప్‌తో కట్టి చూడు. రెండు లేయర్లు పడగానే పల్లవి మొదటి లైను వాయించేయి. మిగతా లేయర్లు లైనుకీ లైనుకీ మధ్య ఒక్కోటీ వేసుకో. నేను చాలాసార్లు పల్లవిలోని ఒక చిన్న ముక్కనే పిజ్జికాటోలో, అంటే తీగని వేలితో మీటి, మొదటి లేయరుగా వేస్తాను. వాళ్లకి పాట తెలిసిపోతుంది, ఇక అది ఎలా పెరుగుతుందో చూడాలని కూర్చుంటారు. నీ దగ్గరికి జనం వచ్చేది ఆ కట్టడం చూడటానికే. అందుకని ముందే రికార్డు చేసిన లూపులు తెచ్చుకుని స్టేజీ మీద వదలకు. ఎప్పుడైనా తప్పనిసరైతే ఆ మాట మైకులో చెప్పేయి.

ఆరు లేయర్లతో ఇంకో చిక్కు. వయొలిన్‌లో అన్నిటికంటే కింది తీగ జీ, అది 196 హెర్ట్జ్. అంతకంటే కిందికి నీకు చోటు లేదు. నువ్వు ఆరింటిలో నాలుగు లేయర్లు ఒకే ఆక్టేవ్‌లో, అంటే ఒకే స్థాయిలో పేర్చావు. ట్యూన్ వచ్చేసరికి దానికి నిలబడే చోటే లేకపోయింది. బాస్ కోసం స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్ వాడు, జీ తీగ 98కి దిగుతుంది. కానీ చాలా ఆక్టేవ్ పెడల్స్ రెండు తీగలు కలిపి వాయిస్తే తడబడతాయి, ఒక్కో స్వరమే మీటు. డ్రమ్ముకి బదులు బో (కమాను)తో చాప్ చెయ్యి. 1960ల్లో రిచర్డ్ గ్రీన్ అనే ఫిడ్లర్ మొదలుపెట్టిన పద్ధతి అది, బో మడమ వైపు భాగాన్ని తీగ మీద నిలువుగా వేసి గరుకు శబ్దం రప్పించడం. ఒక బాస్, ఒక చాప్, మధ్యలో పల్చగా కార్డ్స్, అంటే కలిసి మోగే స్వరాలు. ఆపైన నీ ట్యూన్. ఎక్కువ పాటలకి ఇంతకు మించి అక్కర్లేదు.

ఇక కాలు. లూప్‌కి ప్రాణం మొదటి లేయరు, అందులోనూ పెడల్ నొక్కే ఆ క్షణం. చాలామంది చివరి స్వరం అయిపోగానే నొక్కేస్తారు. నొక్కాల్సింది తర్వాతి బార్ మొదటి బీట్ మీద, బో మళ్లీ మొదటి స్వరం ఎత్తుకునే చోట. కాలు వెంట్రుకవాసి ముందు పడినా లూప్ పొట్టిదవుతుంది, తిరిగి మొదటికి వచ్చిన ప్రతిసారీ ఒక గుటక మింగినట్టు వినబడుతుంది. టెంపో 120 అయితే నాలుగు బార్ల లూప్ 8 సెకన్లు. నాలుగు నిమిషాల పాటలో అది 30 సార్లు తిరుగుతుంది. నీ మొదటి వీడియోలో ఇదే జరిగింది. నువ్వు ప్రతిసారీ బోతో సర్దుకుంటూ వచ్చావు, నీ కనుబొమలు ముడిపడుతుంటే నాకు తెలిసిపోయింది. అలాంటప్పుడు సర్దుకోకు. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టు.

నువ్వు కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి నేర్చుకున్నదానివి. ఇప్పుడు ఆ కాలే పెడల్ నొక్కాలి. నిలబడి గడ్డం కింద పట్టుకోవడం ఒంటికి అలవాటయ్యేదాకా పెద్ద ప్రోగ్రాములు ఒప్పుకోకు. కాలికి విడిగా సాధన పెట్టుకో. వయొలిన్ పక్కన పెట్టి, మెట్రోనోమ్ వేసుకుని, మడమ నేలకి ఆనించి ముందుపాదంతో మాత్రమే నొక్కు. రోజూ పది నిమిషాలు చాలు. కాలు మొత్తం ఎత్తావంటే ఒంటి బరువు మారి బో వణుకుతుంది, ఆ వణుకు కూడా లూప్‌లో పడుతుంది. క్వాంటైజ్ ఉన్న పెడల్ అయితే అదే బీట్‌కి సర్దేస్తుంది. స్టేజీ మీద వాడుకో, తప్పేం లేదు. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఆఫ్‌లోనే ఉంచు.

శ్రుతి విషయంలో నాకు జరిగింది చెప్తాను. ఒక ఫంక్షన్‌లో ముఖం మీద లైట్ల వేడి. నేను రెండు లేయర్లు వేశాక చూసుకుంటే 'ఏ' (A) తీగ బిరడా జారింది. గబగబా తీగ సరిచేసుకుని మూడో లేయరు మొదలుపెట్టాను. అంతే, లూప్‌లో ఉన్నది జారిన శ్రుతి, నా చేతిలో ఉన్నది సరైన శ్రుతి. నాతో నాకే పొసగలేదు. ఏ స్వరం పట్టుకున్నా పక్కకి పోతోంది. పాట మొత్తం అలాగే లాగాను. ఆపితే పరువు పోతుందనుకున్నాను. ఇప్పుడైతే వెంటనే ఆపుతాను, "తీగ జారింది, మళ్లీ మొదలుపెడతాను" అంటాను. జనం ఏమీ అనుకోరు, చప్పట్లు కొడతారు కూడా. ప్రతి పాటకి ముందు ట్యూనర్ చూసుకోవడం మాత్రం మానకు. లేయర్లలో వైబ్రాటో, గమకం కూడా తగ్గించు. ఊగే స్వరాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పడితే శ్రుతి ఎక్కడుందో చెవికి అందదు. ఆ ఊపంతా ట్యూన్‌కి దాచుకో.

మైకు మీద ఆధారపడకు. మొదట్లో నేను వయొలిన్‌కి చిన్న క్లిప్ మైకు పెట్టుకునేదాన్ని. ధ్వని చాలా అందంగా ఉండేది. కానీ మానిటర్‌లోంచి, అంటే స్టేజీ మీద మనకి వినిపించే స్పీకర్‌లోంచి వచ్చే లూప్ శబ్దాన్ని కూడా ఆ మైకు పట్టేసేది. మూడో లేయరు రికార్డు చేస్తుంటే అందులో మొదటి రెండూ మళ్లీ పడేవి. ఐదో లేయరుకి అంతా ముద్ద. తీగల్ని మోసే బ్రిడ్జికి తగిలించి, గాలిలో శబ్దాన్ని కాక దాని కంపనాన్ని పట్టే పియెజో పికప్ పెట్టుకో, దాని తర్వాత సిగ్నల్‌ని బలపరిచే ప్రీఆంప్, దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) కనీసం ఒక మెగాఓమ్ ఉండాలి. అది లేకపోతే ధ్వని పీలగా, గీసినట్టు వస్తుంది. ఆక్టేవ్, డిలే, రివర్బ్ లాంటి ధ్వని మార్చే పెడల్స్ అన్నీ లూప్ పెడల్‌కి ముందు ఉండాలి, అప్పుడే ఒక్కో లేయరుకి ఒక్కో రంగు వస్తుంది.

ఏ పాట తీసుకోవాలన్నది నువ్వు అడగలేదు, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. ఈ కాలం పాటల్లో చరణాలు చాలావరకు రెండు మూడు స్వరాల మీదే తిరుగుతాయి. గొంతులో అది బాగుంటుంది, ఎందుకంటే అక్కడ మాట ఉంది, ఊపిరి ఉంది. వయొలిన్ మీదికి వచ్చేసరికి మాట పోయి, ఒకే స్వరం పదహారు సార్లు మిగులుతుంది. నీ మూడో వీడియోలో చరణం చప్పబడింది అందుకే, నీ వాయింపు లోపం కాదు. నేను చేసేది ఇది. ముందు సాహిత్యం నోటితో మెల్లగా అంటాను. ఏ హల్లు దగ్గర నాలుక తగులుతోందో అక్కడ బో దిశ మారుస్తాను. అచ్చు సాగినంతసేపూ బో మార్చను. ఒత్తక్షరం వస్తే బోని తీగ మీదే ఒక్క క్షణం ఆపి వదులుతాను. ఒకే స్వరం కదా, అయినా వినేవాళ్ల పెదాలు కదులుతాయి. వాళ్లకి మాటలు వినబడుతున్నాయన్నమాట. ఈ పని ఒక్కో పాటకి నాకు వారం పడుతుంది.

దానికి ముందు ఒక పరీక్ష పెట్టుకో. ఒక్క లేయరు కూడా లేకుండా పల్లవిని పది సెకన్లు వాయించి ఎవరికైనా వినిపించు. గుర్తుపట్టకపోతే ఆ పాట వదిలెయ్యి, నీకు ఎంత ఇష్టమైనా సరే. మధ్యలో కార్డ్స్ మారే పాటకి ఒక్క లూప్ సరిపోదు. రెండు ట్రాకులున్న పెడల్ కొనొచ్చు. నేనైతే లూప్ ఆపేసి ఆ నాలుగు లైన్లూ ఒట్టి వయొలిన్‌తో వాయించి, మళ్లీ లూప్ వదులుతాను. అది ఆగినప్పుడు హాల్లో ఎంత నిశ్శబ్దం వస్తుందో నీకే తెలుస్తుంది.

"మెషీన్ వాయిస్తోంది" అని మీ నాన్నే కాదు, చాలామంది అంటారు. బాధపడకు. 1967లోనే స్టీవ్ రైక్ అనే అమెరికన్ స్వరకర్త, టేపులో ఉన్న వయొలిన్‌తో ఎదురుగా ఉన్న వయొలిన్ కలిసి సాగే రచన చేశాడు. ఓవెన్ పాలెట్, ఆండ్రూ బర్డ్ వయొలిన్‌తో, జోయీ కీటింగ్ చెల్లో అనే పెద్ద కమాను వాద్యంతో లూపుల మీదే గొప్ప సంగీతం కట్టారు. వాళ్లని విను. ఎక్కడ ఆగుతున్నారో గమనిస్తూ విను.

హక్కుల సంగతి క్లుప్తంగా. పాట రచనకి ఒక హక్కు, దాని రికార్డింగుకి ఇంకో హక్కు ఉంటాయి. అసలు రికార్డింగు ముక్క ఒక్కటి కూడా వాడకపోతే నీకు మిగిలేది మొదటిదే. ప్రోగ్రాములకి చాలా చోట్ల ఆ లైసెన్సు హాలువాళ్లో నిర్వాహకులో తీసుకుంటారు, ముందే అడుగు. ఆడియో విడుదల చేసే ముందు కవర్ లైసెన్సు తీసుకో. యూట్యూబ్‌లో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ట్యూన్‌ని కూడా పట్టుకుంటుంది. క్లెయిమ్ వచ్చిందని కంగారుపడకు, అది ఛానెల్‌కి శిక్షగా పడే స్ట్రైక్ కాదు. కాకపోతే ఆ వీడియో డబ్బు చాలాసార్లు హక్కుదారులకి పోతుంది. కాబట్టి వ్యూస్ మీద ఇల్లు గడుస్తుందని అనుకోకు. వీడియో నీ విజిటింగ్ కార్డు, అంతే.

ఇల్లు గడిచేది ఫంక్షన్లు, పాఠాలు, ఇంట్లో కూర్చుని వేరేవాళ్ల పాటలకి స్ట్రింగ్స్ రికార్డు చేసి పంపడం, ఈ మూడింటి మీద. ఫంక్షన్‌వాళ్లు మూడు గంటలు అడుగుతారు. విరామాలు పోగా ముప్పై పాటలు కావాలి. నీ దగ్గర ఇప్పుడు ఎనిమిదున్నాయి. ముప్పై అయ్యేదాకా ఉద్యోగం మానకు తల్లీ, ఈ ఒక్క మాటలో నేను మీ నాన్న పక్షమే. తేదీ ఇచ్చే ముందు అడ్వాన్స్ తీసుకో, మిగతాది ఎప్పుడిస్తారో రాతలో పెట్టించుకో. ఒకచోట నోటిమాట నమ్మి నాలుగు నెలలు తిరిగాను.

చెవులు జాగ్రత్త. వయొలిన్ ఎడమ చెవి కిందే ఉంటుంది, దానికి తోడు మానిటర్. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు అంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. నాకు రాత్రిళ్లు ఎడమ చెవిలో సన్నగా కూత వినిపిస్తుంది. అది పోదు. సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్స్ ఈ నెలే కొనుక్కో.

నా పాత వాల్యూమ్ పెడల్ పంపిస్తున్నాను. జాక్ కొంచెం వదులు, కేబుల్ పెట్టాక ఒకసారి తిప్పి చూసుకో. ఆ రెండో పాటని మూడే లేయర్లతో కట్టి పంపు. వీడియో అక్కర్లేదు, ఆడియో చాలు.

ప్రేమతో,
అత్తయ్య