హంతకుడికి ఓటు ఉండాలా?

పాఠకుల ప్రశ్నలు - సమాధానాలు

ప్రశ్న: పదకొండేళ్ళ క్రితం పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యను నరికి చంపారు. చంపినవాడికి యావజ్జీవ శిక్ష పడింది, ఇప్పటికీ జైలులోనే ఉన్నాడు. ఖైదీలకు కూడా ఓటు హక్కు ఉండాలని తమ కాలేజీ చర్చలో కొందరు గట్టిగా వాదించారని మా అబ్బాయి చెప్పాడు. మా అన్నయ్య పేరు ఓటర్ల జాబితాలోంచి ఎప్పుడో కొట్టేశారు. ఆయన్ను చంపినవాడు మాత్రం ఓటు వేయాలా? - ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

సమాధానం: అమ్మా, ఓటర్ల జాబితా గురించి మీరు రాసిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ ప్రశ్నకు చట్టం ఏమంటుందో చెప్పి తప్పించుకోవడం సులువే కానీ, మీరు అడిగింది చట్టం గురించి మాత్రమే కాదు కనుక నా అభిప్రాయం కూడా దాచకుండా చెబుతాను. అది మీకు నచ్చకపోవచ్చు.

ముందుగా చట్టం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం, శిక్ష పడి గానీ మరే కారణంగా గానీ జైలులో ఉన్న వ్యక్తి, పోలీసుల కస్టడీలో ఉన్న వ్యక్తి ఏ ఎన్నికలోనూ ఓటు వేయకూడదు. కాబట్టి మీ అన్నయ్యను చంపిన వ్యక్తి జైలులో ఉన్నంత కాలం ఓటు వేయలేడు. దీన్ని సవాలు చేస్తూ వేసిన పిటిషన్‌ను 1997లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఖైదీలందరికీ పోలింగ్ ఏర్పాటు చేయాలంటే పోలీసు సిబ్బంది చాలరనీ, తన నడవడి వల్ల జైలుకు వెళ్ళిన మనిషి బయట ఉన్నవారితో సమానమైన స్వేచ్ఛ కోరలేడనీ, నేరచరిత్ర ఉన్నవారిని ఎన్నికలకు దూరంగా ఉంచడం సమంజసమేననీ న్యాయస్థానం చెప్పింది.

అయితే, అమ్మా, ఆ సెక్షన్‌లో 'మరే కారణంగా గానీ' అన్న మాటను మరొక్కసారి చూడండి. ఆ నిషేధం చూసేది నేరాన్ని కాదు, జైలు గోడను. హత్య కేసులో శిక్ష పడినా, హైకోర్టులో అప్పీలు వేసి బెయిల్ మీద బయటికి వచ్చినవాడు పోలింగ్ కేంద్రానికి వెళ్ళి ఓటు వేయవచ్చు. నేరం రుజువు కాని వ్యక్తి జామీను ఇచ్చేవారు దొరకక లోపల ఉండిపోతే, అతనికి ఓటు లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరినాటికి మన దేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే హంతకులను దృష్టిలో పెట్టుకొని మనం సమర్థించే ఈ నిషేధం, ప్రతి నలుగురిలో ముగ్గురి విషయంలో, ఇంకా ఏ నేరమూ రుజువు కానివారి మీద పడుతోంది.

వకీలుగా నేను చూసినది ఒకటి చెబుతాను. ఒక ఎన్నికల పోలింగ్ జరిగిన మర్నాడు జిల్లా జైలుకు ములాఖత్‌కు వెళ్ళాను. మోటారు దొంగతనం కేసులో రిమాండులో ఉన్న ఒక రైతుకూలీకి బెయిల్ వచ్చి మూడు నెలలైంది. ఇద్దరు జామీనుదారులు దొరకక లోపలే ఉన్నాడు. కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి జాలీ సందులోంచి పెన్ను అందించినప్పుడు, అతను పెన్ను తీసుకోకుండా నా ఎడమ చూపుడు వేలి మీది సిరా గుర్తు వంకే చూస్తూ, "మా ఊళ్ళో కూడా ఓట్లు అయిపోయినయా సార్?" అని అడిగాడు. అయిపోయాయన్నాను. అప్పుడు సంతకం పెట్టాడు. ఆ కేసు తర్వాత కొట్టివేశారు. పోయిన ఓటును మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

సిబ్బంది చాలరన్న వాదన కూడా నాకు నిలిచేదిగా కనిపించదు. ముందస్తు నిర్బంధంలో, అంటే ముందు ముందు నేరం చేయకుండా ఆపడానికని విచారణ లేకుండానే లోపల పెట్టే నిర్బంధంలో ఉన్నవారికి ఇదే చట్టం మినహాయింపు ఇచ్చి, పోస్టల్ బ్యాలెట్ ద్వారా ఓటు వేయనిస్తోంది. మన దగ్గర పీడీ యాక్ట్ అని పిలుచుకునే 1986 నాటి చట్టం కింద 'గూండా' అని ముద్ర వేసి నిర్బంధించిన మనిషికి ఓటు ఉంది. అదే జైలులో చిన్న దొంగతనం కేసులో విచారణ కోసం ఎదురుచూస్తున్న మనిషికి లేదు. ఒకరి బ్యాలెట్ పత్రం వెళ్ళగలిగిన గేటులోంచి మరొకరిది ఎందుకు వెళ్ళలేదో నాకు అర్థం కాదు. పోస్టల్ బ్యాలెట్ అయితే ఖైదీ ఓటు అతని సొంత నియోజకవర్గానికే వెళుతుంది గనుక, జైలు ఉన్న ఊరి ఫలితం తారుమారవుతుందన్న భయానికీ చోటు లేదు. భయపడవలసింది మరొకటుంది: బ్యారక్‌లో పెత్తనం చేసే ఖైదీ గానీ, సిబ్బందిలో ఎవరైనా గానీ ఎవరికి ఓటు వేయాలో శాసించవచ్చు. రహస్యంగా ఓటు వేసే ఏర్పాటు, బయటి అధికారుల పర్యవేక్షణ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదని నేనూ అంటాను.

ఇక అసలు మీరు అడిగిన మనిషి, నేరం రుజువైన హంతకుడి సంగతి. ఇజ్రాయెల్ ప్రధాని ఇత్జాక్ రాబిన్‌ను 1995లో కాల్చి చంపినవాడి పౌరసత్వాన్నీ, దానితోపాటు ఓటునూ తీసివేయాలని కోరినప్పుడు, ఆ నేరాన్ని ఎంత అసహ్యించుకున్నా, అక్కడి సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో ఖైదీల ఓటు హక్కును నిలబెట్టింది. జాతి వివక్ష పేరుతో కోట్లమందికి ఓటు లేకుండా చేసిన దేశం అది, ఓటు లేకపోవడం అంటే ఏమిటో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కెనడా సుప్రీంకోర్టు 2002లో అదే దారి పట్టినా, తొమ్మిది మందిలో నలుగురు న్యాయమూర్తులు విభేదించారు. మీలాగే ఆలోచించేవారు అక్కడి ధర్మాసనం మీద కూడా ఉన్నారని అందుకే చెబుతున్నాను.

నేను ఓటు ఉండాలనే పక్షాన ఉన్నాను. ఓటు మంచి నడవడికి ఇచ్చే బహుమతి అయితే దాన్ని చెడ్డవాడి నుంచి తీసుకోవచ్చు. కానీ ఎవరు మంచివారో తేల్చే అధికారం ప్రభుత్వం చేతిలో పెడితే, ఆ ప్రభుత్వాన్నే మార్చగలిగే ఓటును ఆ ప్రభుత్వమే ఏరి తీసేయగలుగుతుంది. హంతకుడికి న్యాయమూర్తి వేసిన శిక్ష అతని స్వేచ్ఛను తీసుకుంది. తీర్పులో రాయని మరో శిక్షను గేటు దగ్గర కలపడం న్యాయం కాదు. ఎన్నికల్లో లంచం ఇచ్చిన నేరానికి శిక్ష పడినవారికి మన చట్టం ఇప్పటికే ఆరేళ్ళపాటు ఓటు లేకుండా చేస్తోంది. అక్కడ నేరానికీ పోయిన హక్కుకూ సంబంధం ఉంది కాబట్టి దాన్ని నేను సమర్థిస్తాను.

అతనికి ఓటు ఇస్తే మీ అన్నయ్య ప్రాణం విలువ తగ్గిందని మీకు అనిపిస్తే, ఆ బాధను వాదనతో తీర్చగలనని నేను అనుకోవడం లేదు. కానీ, అమ్మా, అతని ఓటును ఆపడానికి అల్లిన వలలో ఆ రైతుకూలీలాంటివారే ఎక్కువమంది చిక్కుకున్నారు. కనీసం విచారణ ఖైదీల వరకైనా ఈ నిషేధం పోవాలన్న మాటతో మీరు ఏకీభవిస్తారా అని నేనే మిమ్మల్ని అడుగుతున్నాను.

ప్రశ్న: మా తమ్ముడు విచారణ ఖైదీగా జైలులో ఉన్నాడు. అతని పేరు ఓటర్ల జాబితాలోంచి తీసేస్తారా? - ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: జైలులో ఉన్నాడన్న కారణంతో తీసేయకూడదు. ఓటు వేయలేనివాడు ఓటరే కాడు గనుక పోటీ చేయడానికీ వీల్లేదని 2013 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, పార్లమెంటు అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఓటు వేయడం మీద నిషేధం ఉన్నా జాబితాలో ఉన్న వ్యక్తి ఓటరుగానే కొనసాగుతాడని చేర్చింది. ఆ సవరణ నాయకుల పోటీ కోసం వచ్చినదే అయినా మీ తమ్ముడికీ వర్తిస్తుంది. అతను జైలు ఉన్న ఊరి నివాసి అయిపోడు, మీ ఇంటి చిరునామాలోనే అతని పేరు ఉండాలి. ముసాయిదా జాబితా వెలువడినప్పుడు బూత్ స్థాయి అధికారి దగ్గర పేరు సరిచూసుకోండి. పొరపాటున తొలగించి ఉంటే పేరు చేర్చమని కోరే ఫారం 6 వెంటనే ఇవ్వండి. పోలింగ్ తేదీకి ముందే బెయిల్ మీద వస్తే అతను అందరిలాగే వరుసలో నిలబడి ఓటు వేయవచ్చు, అడ్డు చెప్పే అధికారం ఎవరికీ లేదు.